ఫైలులో ఉన్న నంబరు

"రేపు పొద్దున తొమ్మిదింటికి బయటికి తీస్తారట. ఆఫీసుకి సెలవు పెట్టేయ్" అన్నాడు మా ఆయన, ఇస్త్రీ చెయ్యమని చొక్కా నా భుజం మీద వేస్తూ. తీసేది మా రెండు పిండాలను. ఏడాదిగా అవి ఆసుపత్రి ల్యాబ్‌లో, అతిచల్లని ట్యాంకులో గడ్డకట్టి ఉన్నాయి. మొత్తం ఐదు. మూడు ఒక్కొక్కటిగా నా కడుపులోకి వచ్చి నిలవలేదు. ఇక మిగిలినవి ఈ రెండే.

ఆ ఐదింటి కోసం పన్నెండు రోజులు పొట్టకి సూదులు నేనే పొడుచుకున్నాను. ఆఫీసు బాత్రూంలో గొళ్లెం సరిగా పడదు కాబట్టి ఒక కాలు తలుపుకి ఆనించి మరీ. ఆయన చేసిందల్లా ఒక గదిలోకి వెళ్లి పావుగంటలో బయటికి రావడం. అయినా చుట్టాల ముందు "మేం పడ్డ కష్టం పగవాడికి కూడా వద్దు" అంటాడు. అత్తయ్య బాధ వేరు. "నా బంగారాలు ఆ చలిలో ఎలా ఉన్నారో" అని కళ్లు ఒత్తుకుంటుంది. కిందటిసారి నిలవక, వారం రోజులు రక్తం పోయి, జ్వరంతో నేను వణుకుతుంటే మాత్రం, "మరీ ఇంత సుకుమారమైతే ఎలాగమ్మా, లేచి నాలుగడుగులు వేస్తే అదే సర్దుకుంటుంది" అంది. దుప్పటి నేనే లేచి తెచ్చుకున్నాను.

అది జరిగి ఆరు వారాలు. మళ్లీ అవే మాత్రలు ఆయనే తెచ్చిచ్చాడు. డాక్టరు ఇంత త్వరగా ఒప్పుకుందా అని అడిగితే, అంతా తను మాట్లాడానన్నాడు, నాకెందుకు టెన్షనన్నాడు. బిడ్డ నాకూ కావాలి. అందుకే మింగాను.

ఆసుపత్రిలో ల్యాబ్ అమ్మాయికి ఒక పద్ధతుంది. ట్యాంకు మూత తీసేముందు ఫైలు చదివి వినిపించి, తల్లి నోటితో సరే అనిపించుకుని, సంతకం తీసుకుంటుంది. కరిగించాక ఇక ఆగడానికి ఉండదు. మూడుసార్లూ ఆమె చదువుతుంటే ఆ "సరే సరే" ఆయనే అనేవాడు. నేను సంతకం పెట్టేదాన్ని. ఈసారి ఆయన ఇంకా కారు పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు.

"కనీసం మూడు నెలలు ఆగాలని డాక్టరుగారు ఫోన్లో చెప్పారు" అని చదివిందా అమ్మాయి. "భార్య ఆగనంటోంది, ఆమె ఒత్తిడి మీదే చేయిస్తున్నామని మీవారు రాసిచ్చారు. అవునా మేడమ్?"

ఎవరికి చెప్పారని అడిగాను. ఫైలు నా వైపు తిప్పింది. నా పేరు, నా వయసు, నా రక్తం గ్రూపు, నా గర్భసంచి కొలతలు. కింద ఫోను నంబరు ఒక్కటే ఆయనది. నా ఒంటి సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. పైగా తొందర నాదట.

ఇంతలో ఆయన వచ్చి పెన్ను నా చేతిలో పెట్టాడు. "కానియ్. వచ్చే నెల నాకు ట్రైనింగ్, మళ్లీ కుదరదు."

"ఇంకో మూడు నెలలు ఉంచితే వాటికేమన్నా అవుతుందా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"ఏమీ కాదు మేడమ్. ఏళ్లతరబడి అలాగే ఉంటాయి. వాటికి చలీ వేడీ తెలీదు."

"పిచ్చి వేషాలు వెయ్యకు. ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తోంది" అన్నాడాయన, గొంతు తగ్గించి.

ఆయనిచ్చిన పెన్నుతోనే ఆయన నంబరు కొట్టేసి, పక్కన నాది రాశాను. సంతకం గడి ఖాళీగా వదిలేసి ఫైలు మూశాను.

"వాటికి చలి తెలీదట, అత్తయ్యకి చెప్పండి" అన్నాను. "చలేసింది నాకు."