తిట్టని బేరం

వ్యాపారం పెట్టిన రోజున గోతాలాయన చేతిలో ఉన్న పెట్టుబడి ఒక గొంతు, ఒక బావ. దబ్బనం, పురికొస అరువు తెచ్చుకున్నవి. చిరిగిన గోనెసంచులు ఎవరో వద్దని పారేసినవి. గొంతు మాత్రం సొంతం. బావ అక్క మొగుడు, పక్కనే ధాన్యం కొట్టు. పాత సంచుల చిల్లులు కుట్టి ఇతను అమ్మేవాడు, గింజలు పోసుకోవడానికి బావ కొనేవాడు.

ఆ బజారులో బేరానికి ఒక పద్ధతి ఉంది. కొనాలనుకున్నవాడు సరుకును తిట్టాలి. ఎంత గట్టిగా తిడితే అంత గట్టిగా కావాలని లెక్క. "బాగుంది" అన్నవాడు కొనడు. మర్యాదగా తప్పుకుంటున్నాడని అర్థం. అందుకే రోజూ పొద్దున్నే బావ ఒక సంచి ఎత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు.

"ఇది సంచా, జల్లెడా? దీన్లో గింజలు పోసుకుని ఇంటికెళ్తే దారి పొడుగునా పైరు మొలుస్తుంది!"

"మొలవడానికి నీ గింజల్లో జీవమెక్కడుంది బావా? నా చిల్లులంత బరువు కూడా ఉండవు నీ గింజలు!"

వీధంతా నవ్వేది. కేకలు పెరిగే కొద్దీ బేరం దగ్గరపడేది. అవతలి కొట్లవాళ్ళు బయటికి రాకుండానే, అరుపులను బట్టి ఆ రోజు సంచుల ధర అంచనా కట్టుకునేవారు. చివరికి బావ "సర్లే, మీ అక్క మొహం చూసి తీసుకుంటున్నా" అనేవాడు. ఇద్దరూ టీ తాగేలోపు తిట్లన్నీ గాల్లో కలిసిపోయేవి. వాటికి నిల్వ తీసే అలవాటు ఎవరికీ లేదు.

ఇలా ఇరవయ్యేళ్ళు గడిచాక ఊరి చివర కొత్త యార్డు కట్టారు. ధాన్యం కొట్లన్నీ అక్కడికి తరలిపోయాయి. వర్తక సంఘం కార్యదర్శి మీటింగు పెట్టి, ఇకమీదట బేరాలన్నీ ఫోన్ గ్రూపులోనే జరగాలన్నాడు. "నోటిమాట నీటిమూట. అక్షరం పడితే మాట తిరగదు. మనమూ నాలుగు మెట్లు పైకెక్కాలి గదా!" అందరూ చప్పట్లు కొట్టారు. గోతాలాయన కూడా కొట్టాడు. కొట్టడానికి ఖర్చేముంది?

కూతురు ఫోన్‌లో గ్రూపు పెట్టిచ్చింది. టైపు చేయక్కర్లేదనీ, మాట్లాడితే అదే రాసుకుంటుందనీ చూపించింది.

"అరిచినా రాస్తుందా?"

"అరిచినా అంతే సైజులో రాస్తుంది నాన్నా."

మొదటి రోజు అతను సంచుల దొంతర ఫోటో పెట్టాడు. బావ వెంటనే "ఇది సంచా జల్లెడా" అని పంపాడు. గోతాలాయనకు ప్రాణం లేచొచ్చింది. కొట్టు మధ్యలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఫోన్ మీద ఆ చిల్లుల బరువు మాట గొంతెత్తి అరిచాడు. అది బుద్ధిగా అక్షరాలైంది. ఒక్కటి కూడా తప్పు పోలేదు. నవ్వు కోసం ఎదురుచూశాడు. మధ్యాహ్నం దాకా గ్రూపు కుక్కిన పేనులా పడి ఉంది.

అప్పుడు అక్క ఫోన్ చేసింది.

"ఏరా, నీకేం పోయేకాలం! మీ బావ పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"అదేంటక్కా? ఇరవయ్యేళ్ళుగా అంటున్న మాటేగా!"

"అన్నావు. ఎప్పుడైనా రాశావా?"

సంగతేమిటంటే, బావకు కళ్ళజోడు పెట్టినా చిన్న అక్షరాలు ఆనవు. అక్కే చదివి పెట్టాలి. అక్క చదువు బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చప్పగా ఉంటుంది. ఆ మాట తమ్ముడి వెటకారం లేకుండా, వీధి నవ్వు లేకుండా బావ చెవిన పడింది. మళ్ళీ చదవమన్నాడు. కాసేపాగి ఇంకోసారి చదవమన్నాడు. "నిలబెట్టి మూడుసార్లు తిట్టాడు మీ తమ్ముడు" అని లెక్క తేల్చాడు. అది చాలదన్నట్టు గ్రూపులో ఉన్న మిల్లు యజమాని ఒకాయన బావకు విడిగా ఫోన్ చేసి "గింజల బరువు సంగతి నిజమేనా?" అని అడిగాడట.

చేతులు కాలకముందే ఆకులు పట్టుకుందామని గోతాలాయన కూతురిని కూర్చోబెట్టి క్షమాపణ రాయించాడు. "గౌరవనీయులైన బావగారికి నమస్కారం. నా మాటలు మిమ్మల్ని నొప్పించి ఉంటే మన్నించగలరు. మీ ధాన్యం చాలా బాగుంటుంది." కార్యదర్శి చప్పట్ల బొమ్మలు వరసగా పెట్టాడు.

అక్క మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి తిట్టలేదు. అందుకు ఇంకా భయం వేసింది.

"గారు అన్నావేంట్రా?"

"మర్యాదకన్నానక్కా."

"పరాయివాణ్ణి చేశాడని మంచమెక్కాడు. పైగా ధాన్యం బాగుందని పదిమందిలో పెట్టావు. మన బజార్లో బాగుందంటే ఏంట్రా అర్థం?"

గోతాలాయన నెత్తి కొట్టుకున్నాడు. సాయంత్రానికి బావ జవాబు వచ్చింది. "సంచులు చాలా బాగున్నవి. ధన్యవాదములు."

ఇరవయ్యేళ్ళలో ఎన్ని మాటలు పడ్డాడో, ఏదీ ఇంత లోతుగా దిగలేదు.

ఆ తర్వాత గ్రూపంతా మర్యాద అంటువ్యాధిలా పాకింది. తాళ్ళు బాగున్నాయి, బుట్టలు బాగున్నాయి, తూకంరాళ్ళు చూడముచ్చటగా ఉన్నాయి. ఎవరి సరుకూ కదల్లేదు. మొహమాటపడి ఎవరూ ఎవరినీ తిట్టలేదు, తిట్టలేదు కాబట్టి ఎవరూ కొనలేదు. కార్యదర్శి మాత్రం గొడవల్లేని బజారని పొరుగూరి సంఘానికి గొప్పగా రాశాడు.

సంచులకు ఇంకో గిరాకీ దొరుకుతుందని గోతాలాయనకు తెలుసు. పొద్దున షట్టరెత్తి పక్కకు చూస్తే, ఖాళీ అరుగు మీద తన సంచి మీద దుమ్మెత్తిపోసే మనిషి లేడు. అలాంటివాడు ఇంకెక్కడా దొరకడు. నాలుగు రోజులు ఓర్చుకుని, అయిదో రోజు ఒక సంచి చంకన పెట్టుకుని యార్డుకు బయలుదేరాడు. ఏరి ఏరి తెచ్చినది మాత్రం కొట్టులోకెల్లా నాసిరకం. మంచి సంచి తీసుకెళ్తే బాగుందని తప్పుకోవడం బావకు సులువు. ఆ సందు ఎందుకివ్వాలి?

బావ కొత్త బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు.

"రండి, కూర్చోండి," అన్నాడు.

గోతాలాయన సంచి బల్ల మీద పరిచాడు. వంకర కుట్టు పైకి వచ్చేలా పరిచాడు. గుమాస్తాలు తలలెత్తారు. ఒకడు ఫోన్ తీశాడు.

"బా..." అని బావ మొదలుపెట్టాడు. బొటనవేలు అలవాటు కొద్దీ కుట్టు మీదికి పోయింది. పురికొస పుటుక్కున తెగింది. బావ మొహంలో మర్యాద కూడా తెగింది. "బాగోతంలా ఉందిరా నీ కుట్టు! దబ్బనంతో కుట్టావా, గడ్డపారతో పొడిచావా?"

"నువ్వు కళ్ళజోడు తిరగేసి పెట్టుకుని నా కుట్టుకు వంక పెడతావేంటి బావా!"

"జోడెందుకురా? ఇది తడిమితేనే ఏడుపొస్తోంది!"

"ఏడువు. నువ్వు ఏడిస్తేనే మా అక్కకి నవ్వొస్తుంది!"

యార్డు దద్దరిల్లింది. నవ్వు ముందు ఎవరికి వచ్చిందో చెప్పలేం గాని, ఆగింది మాత్రం బావకే ఆలస్యంగా. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, కొట్టులో ఉన్న దొంతర మొత్తం తీసుకుంటానన్నాడు. ధర మాత్రం గొంతు పిసికి తగ్గించాడు.

గుమాస్తా తీసిన వీడియో మధ్యాహ్నానికి గ్రూపులోకి ఎక్కింది. దాన్ని విని తాళ్ళవాళ్ళూ బుట్టలవాళ్ళూ ఆ రోజు సంచుల ధర పైసా తేడా లేకుండా పట్టేశారు. ఆ బరువు మాట కూడా ఉత్త బేరమేనని తెలిసి మిల్లు యజమాని గింజలకు కబురు పెట్టాడు. కార్యదర్శి అసభ్య ప్రవర్తన కింద బావా బావమరుదులిద్దరినీ గ్రూపు నుంచి తీసేశాడు.

ఇంటికెళ్తూ గోతాలాయన లెక్క చూసుకున్నాడు. పోయినవి: బండి కిరాయి, సంచికింత చొప్పున తరుగు, నాగరికుల జాబితాలో ఒక చోటు. వచ్చినది: రేపు పొద్దున వెళ్ళి తిట్లు తినడానికి ఒక గడప. బేరం నష్టమేమీ కాదనుకున్నాడు.