ఎర్ర అట్ట

ఉదయం ఎనిమిదికి రోవేనా ఫోన్లో ఐదో మనిషి చేత తిట్లు తింటోంది. సిడ్నీలో ఆ పెద్దమనిషికి ఇంటర్నెట్ రావడం లేదట. ఇవతల మనీలాలో రోవేనా చెవికి హెడ్‌ఫోను, ఎడమచేతిలో పెన్సిలు. రోగం భయానికి బళ్ళు మూసేశారు, చదువంతా ఇంట్లోనే. ఏడేళ్ళ కూతురు సోల్ బడికి ఇవ్వాల్సిన లెక్కల కాగితాలు తనే నింపుతోంది. పిల్ల రాసినట్టు వంకరగా రావాలని ఎడమచెయ్యి. వాళ్ళ సందులో తల్లులందరూ చేసేది అదే. టీచరమ్మకూ తెలుసు. ఆవిడ కొడుకు కాగితాలూ అలాగే నిండుతాయి.

"క్షమించండి సర్, మీ ఇబ్బంది అర్థమైంది" అంది రోవేనా. అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు.

ఇల్లంటే రేకుల కింద ఒకటే గది. మంచానికీ బల్లకూ మధ్య పక్కకు తిరిగి నడవాలి. చప్పుడు పోకుండా గోడలకు పాత దుప్పట్లు మేకులు కొట్టి బిగించింది. ఫోన్లో వెనకనుంచి కోడి కూసినా, పిల్ల మాట్లాడినా కంపెనీ లెక్కలో తప్పు. మూడు తప్పులైతే ఉద్యోగం ఊడి ఇంటికి పొమ్మంటారు. ఇంట్లోనే ఉన్నదాన్ని ఇంటికెలా పంపుతారో ఆ దొరలకే తెలియాలి. రోవేనాకు రెండు అయిపోయాయి. మొదటిది పక్కింటి ఆంబో పందెం కోడిది. రెండోది సోల్‌ది. "అమ్మా, దాహం" అంది, అంతే.

అందుకే అట్టలు. నూడుల్స్ డబ్బా కత్తిరించి చేసింది. గ్లాసు బొమ్మ దాహానికి, కంచం బొమ్మ ఆకలికి. ఎర్ర రంగు పులిమిన అట్ట మాత్రం రక్తం కారితేనో, నిప్పంటుకుంటేనో. అదెత్తితే ఫోన్లో ఎవరున్నా లేచొస్తానని ఒట్టేసింది. నాలుగు నెలల్లో సోల్ దాన్ని ఒక్కసారీ ఎత్తలేదు. ఏడేళ్ళ పిల్లకు అంత బుద్ధి అక్కర్లేదు, నన్నడిగితే.

పదింటి విరామంలో ఆడపడుచు ఫెలీ వచ్చింది, మాస్కు గడ్డం కిందకు లాక్కుని. ఆమె తమ్ముడు, అంటే రోవేనా మొగుడు, ఏ రేవూ దిగనివ్వని ఓడలో ఎక్కడో చిక్కుకుపోయాడు.

"అడిగితే మాట లేదు, అట్ట చూపిస్తోంది. పిల్లను పెంచుతున్నావా, బొమ్మనా?"

"ఉద్యోగం మానేస్తాను వదినా, బియ్యం నువ్వు పోస్తావా?"

"బతంగాస్‌లో మా అమ్మ దగ్గరికి పంపు. మా ఆయన కూరగాయల లారీకి పర్మిట్ ఉంది. ఇవాళే వెళ్తోంది."

రోవేనా పెన్సిల్ బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ ఎప్పుడు తెస్తారు?"

"రోగం పోయాక. ఎప్పుడు పోతుందో మీ కంపెనీనే అడుగు, అన్నీ తెలిసినోళ్ళు కదా."

"మూడింటికి నా డ్యూటీ అయిపోతుంది. అప్పుడు నేనే ఎక్కిస్తాను" అంది రోవేనా. సోల్‌కు తల దువ్వింది. రెండు గౌన్లు, ఎండు చేపల పొట్లం సంచిలో పెట్టింది. "మూడింటికి గట్టిగా ముద్దు పెట్టి పంపుతాను, సరేనా?" సోల్ తలూపింది.

పన్నెండున్నరకే లారీ వచ్చింది. దారిలో కాపలా పోలీసులు ఒంటిగంటకు మారిపోతారు, కొత్తవాళ్ళు పిల్లను పోనివ్వరు. ఫెలీ గుమ్మంలో నిలబడి చేతులతోనే ఆ గొడవంతా చెప్పి, సంచి తీసుకుని నడిచింది. రోవేనా చెవిలో మెల్‌బోర్న్ ఆవిడ అరుస్తోంది. అదే లైన్లో సూపర్‌వైజర్ వింటున్నాడు.

సోల్ కదల్లేదు. కుర్చీ పక్కకు వచ్చి ఎర్ర అట్ట ఎత్తింది.

రోవేనా చూసింది. రక్తం లేదు, నిప్పూ లేదు. ఒక వేలు చూపించింది, ఒక్క నిమిషమని. అట్ట గాల్లోనే ఉంది. కాసేపటికి పిల్ల రెండో చెయ్యీ వేసి పట్టుకుంది.

"లైన్లోనే ఉండండి మేడమ్" అంది రోవేనా.

సోల్ అమ్మ నేర్పినట్టే పెదవుల మీద వేలు పెట్టుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ వెళ్ళిపోయింది. తలుపు బందులకు వంటనూనె పూసి ఉంది. అదీ చప్పుడు చెయ్యలేదు.

తొమ్మిది నిమిషాలకు ఆవిడ ఫోన్ పెట్టేసింది. "ఇవాళ వెనక చీమ చిటుక్కుమనలేదు. శభాష్ రోవేనా!" అన్నాడు సూపర్‌వైజర్. ఆ మాట పూర్తి కాకుండానే రోవేనా హెడ్‌ఫోను విసిరేసి, ఉత్త కాళ్ళతో సందులోకి పరుగెత్తింది. లారీ నిలబడ్డ చోట నలిగిన క్యాబేజీ ఆకులున్నాయి. ఆంబో కోడిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్నాడు.

"ఏడ్చి గోల చేస్తుందనుకున్నానమ్మా. నీ కూతురు కిక్కురుమనలేదు."

గదిలో తరువాతి కాల్ మోగుతోంది. గడప పక్కన, సోల్ చెప్పులుండే చోట, ఎర్ర అట్ట గోడకు ఆనించి ఉంది, రంగు పూసిన వైపు రోవేనా కుర్చీకేసి.