సీపీ/ఎం నోటుబుక్కు

శకుంతల ఇల్లు విడిచి వెళ్లిన నాలుగు నెలలకు, మే నెల మొదటి వారంలో, పోలీసులు కిషన్ రావు ఇంటికి వచ్చారు.

అప్పటికి పొద్దున పదకొండవుతోంది. హన్మకొండ చౌరస్తాలో తన రేడియో రిపేరు దుకాణంలో కిషన్ రావు ఒక ట్రాన్సిస్టర్ విప్పుకుని కూర్చున్నాడు. పక్క చెప్పుల దుకాణం ఉప్పలయ్య వచ్చి గుమ్మంలో నిలబడి, "రావుసాబ్, మీ ఇంటి ముంగట జీపు ఆగింది" అని మెల్లగా చెప్పాడు. కిషన్ రావు విప్పిన స్క్రూలన్నీ ఒక్కొక్కటే ఏరి డబ్బా మూతలో వేశాడు. చెప్పులు తొడుక్కుని నడిచాడు. గుండెలో దడ పుడుతుందేమో అనుకున్నాడు గాని పుట్టలేదు. జనవరి నుంచీ అతనికి అంతే. ఎవరో చెబుతుంటే వినిపిస్తుంది, కాళ్లు నడుస్తాయి, చేతులు పని చేస్తాయి. లోపల మాత్రం ఏదీ కదలదు.

శకుంతల ఒక్కతే కూతురు. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతుండేది. సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో ఎప్పటిలాగే సైకిల్ మీద కాలేజీకి వెళ్లి తిరిగి రాలేదు. మూడో రోజు దుకాణం షటర్ కింద ఒక చీటీ దొరికింది. "బాపూ, నేను పోతున్న. నా కోసం తిరుగకండ్రి. అమ్మకు నువ్వే చెప్పు." అంతే. 1986లో వరంగల్లో అలాంటి చీటీ వచ్చిన ఇంటిని, పిల్ల ఎక్కడికి పోయిందని ఎవరూ అడిగేవారు కాదు. అడవిలోకి అని అందరికీ తెలుసు.

ఇంట్లో ఎస్సై శకుంతల గదిలో నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. మాట మెత్తగానే ఉంది. బల్ల మీద మూత తీసిన ఒక మిషన్ ఉంది. టైపు మిషన్ లాంటి మీటలు, లోపల పచ్చటి పలక, దాని మీద ఒక చిప్పు నెత్తిన ఇంకో చిప్పు, ఆ చిప్పుల కాళ్ల నుంచి అటూ ఇటూ సాగిన సన్నటి ఎర్ర తీగలు.

"ఇదేంది రావుగారూ? వైర్‌లెస్సా?"

"గాదు సార్. కంప్యూటర్. ఇంట్ల పెట్టుకునేది. మా బామ్మర్ది బొంబాయిల సెకండ్ హ్యాండుల కొనిచ్చిండు."

"కంప్యూటరైతె ఆన్ చెయ్యిండ్రి."

కిషన్ రావు టీవీకి తీగ తగిలించి స్విచ్చి వేశాడు. తెర తెల్లబడింది. దాని మీద ఏమీ రాలేదు. ఎస్సై చాలాసేపు ఆ తెల్లటి తెరను చూశాడు. తరువాత బల్ల మీది నోటుబుక్కు తీశాడు. అట్ట మీద శకుంతల పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో సీపీ/ఎం అని రాసుకుంది.

"మరి ఇదేంది? పార్టీ పేరు గదా."

"పార్టీ గాదు సార్. కంప్యూటర్ను నడిపించే దాని పేరు. దాన్నే ఈ మిషన్ల ఎక్కియ్యాలని మా బిడ్డ పని జేసింది. సగంల ఆగింది."

వెనక నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వబోయి ఆగాడు. ఎస్సై మాత్రం నవ్వలేదు. నోటుబుక్కు తిరగేశాడు. అన్నీ అంకెలు, అక్షరాలు, గళ్లు.

"జూడుండ్రి రావుగారూ. నేను పైకి రాసియ్యాలె. తీగలున్నయి, కోడ్ లెక్క రాత ఉన్నది, అట్ట మీద ఈ పేరున్నది. నేను నమ్మినా పైనోళ్లు నమ్మరు. పది రోజులు టైమిస్త. ఇది కంప్యూటరే అయితె నడిపిచ్చి చూపెట్టుండ్రి. లేకుంటె మిషన్ తీస్కపోవాలె, మీరు గూడ రావాలె."

జీపు వెళ్లిపోయాక సుగుణ వంటింట్లోంచి వచ్చింది. జనవరి తరువాత ఆమె ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఇప్పుడు కూడా గడప దగ్గరే ఆగింది.

"తీస్కపోతె పోనియ్యిండ్రి. దాంతోని మనకేం పని" అంది.

కిషన్ రావు టీవీ స్విచ్చి తీసేశాడు. ఆ భార్యాభర్తలిద్దరూ కాజీపేట జంక్షన్లో వేర్వేరు బండ్ల కోసం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లలా ఉంటున్నారు. కొట్లాటేమీ లేదు. చెప్పుకోవడానికే ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం అతను దుకాణానికి వెళ్లకుండా నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. మొదటి పేజీకి కంపెనీ వాళ్ల ఉత్తరం అంటించి ఉంది. తమ మిషన్లో సీపీ/ఎం నడవదనీ, మూత తెరిస్తే గ్యారంటీ ఉండదనీ, ఈ విషయమై ఇక ఉత్తరాలు రాయవద్దనీ అందులో ఉంది. దాని కిందే శకుంతల ఎర్ర సిరాతో 'ఎందుకు నడవదు?' అని రాసి, తరువాతి నలభై పేజీల్లో ఆ ప్రశ్నకు తనే జవాబు రాసుకుంది. కిషన్ రావుకు ఇంగ్లీషు వస్తుంది, కరెంటు తెలుసు. కంప్యూటర్ తెలియదు. అయినా బిడ్డ రాత గనుక నెమ్మదిగా దారి దొరికింది. సీపీ/ఎం అనేది మిషన్ జ్ఞాపకంలో మొట్టమొదటి గదిలోనే కూర్చోవాలి. ఈ మిషన్లో ఆ గదిని కంపెనీ వాళ్ల చిప్పు ఆక్రమించుకుని ఉంది. అది కదలదు. అందుకని శకుంతల దాన్ని పీకేసింది. దాని స్థానంలో తను రాసిన చిన్న ప్రోగ్రామున్న ఇంకో చిప్పు పెట్టాలి. అది, మిషన్ పక్కనే పెట్టిన ఫ్లాపీ డ్రైవులోంచి సీపీ/ఎంను పిలిచి, గదిలో కూర్చోబెట్టి, తను తప్పుకోవాలి. తీగలన్నీ ఆ తప్పుకోవడం కోసమే. కొత్త చిప్పు మాత్రం ఇంకా తయారు కాలేదు.

రాసి ఉన్న చివరి పేజీలో ఆమె వెళ్లిపోవడానికి ముందు రోజు తేదీ ఉంది. 'రేపు: ఇరవయ్యో కాలు నుంచి తీగ వెయ్యాలి. మరవద్దు.'

కిషన్ రావు ఆ వాక్యాన్ని రెండు మూడుసార్లు చదివాడు. రేపు పోయేవాళ్లు రేపటి పని రాసుకుంటారా? పోవాలని అప్పటికి ఆమెకే తెలియదా, తెలిసే రాసిందా? ఈ ప్రశ్న తనను కోస్తుందని ఎదురు చూశాడు. కొయ్యలేదు. లేచి, సోల్డరింగ్ రాడ్ వేడి చేసి, ఇరవయ్యో కాలు నుంచి తీగ వేశాడు.

మర్నాడు కాజీపేటలో వీరభద్రం ఇంటికి వెళ్లాడు. వీరభద్రం శకుంతల చదివిన కాలేజీ ల్యాబులో అసిస్టెంటు. రిటైరుమెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. నోటుబుక్కు చూడగానే అతని ముఖం మాడింది.

"రావుసాబ్, ఈ విషయంల నన్ను ఇరికియ్యకుండ్రి. కాలేజీల సీఐడీలు తిరుగుతాండ్రు. పిల్లగాండ్లతోని మాట్లాడాల్నంటెనే భయమైతాంది."

"నీ పేరు యాడ రాదు అన్నా. చిప్పు ఒక్కటి రాయిచ్చి, ఫ్లాపీ చేసిస్తె చాలు."

వీరభద్రం లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చిచ్చాడు. కిషన్ రావు తాగుతుంటే అతని చేతుల్లోని గ్లాసు వైపు చూస్తూ, "ఆ ఫ్లాపీ డ్రైవు నేనిచ్చిందే" అన్నాడు. "స్క్రాపుల పడుండె. అడిగితె, పోరీ, అది చిల్లిగవ్వ గూడ చెయ్యదు, ఏం జేసుకుంటవన్న. పట్టుకపోయి బాగు జేసింది. దినాం వచ్చి ఒక్క ప్రశ్న అడిగేది. ఒక్కటే. రెండోది అడిగేది గాదు. నాకే మాటలు రాకపొయ్యేటియి." ఖాళీ గ్లాసు అందుకుని, "ఐతారం రాండ్రి. సెలవులు గదా, ఎవలుండరు" అన్నాడు.

ఆదివారం కాలేజీ ఖాళీగా ఉంది. ల్యాబులో ఉన్న పెద్ద కంప్యూటర్ సీపీ/ఎం మీదే నడుస్తుంది. మీటలు నొక్కడం వీరభద్రం వంతు, చదవడం కిషన్ రావు వంతు. నోటుబుక్కులో శకుంతల ప్రోగ్రాము రాసిన పదిహేడు పేజీలూ అతను పైకి చదివాడు. "మూడు, ఈ. సున్నా, సున్నా. డీ, మూడు." పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా. కొన్ని చోట్ల ఆమె ఏడు అంకెకు నడుములో గీత పెట్టింది, కొన్ని చోట్ల పెట్టలేదు. నాలుగు గంటలకు అతని గొంతు పోయింది. ఒక అంకె చదివిన తరువాత ఇంకో అంకె చదవడం తప్ప ఇంకేమీ అక్కర్లేని రోజు అది. ఆ సంవత్సరంలో అతను కాస్త తేలికగా గడిపిన రోజు ఏదన్నా ఉంటే అదే.

వీరభద్రం ఆ అంకెలన్నీ ఎక్కించి ఇచ్చిన చిప్పు, ఫ్లాపీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. చిప్పును గూట్లో కూర్చోబెట్టి స్విచ్చి వేశాడు. ఫ్లాపీ డ్రైవు గర్రుమంది. తెర నిండా పిచ్చి అక్షరాలు నిండాయి, మళ్లీ తెల్లబడింది. ఆపి, మళ్లీ స్విచ్చి వేస్తే అదే. మూడు రోజులు అదే. తీగలన్నీ వెతికాడు. అంకెలన్నీ మళ్లీ సరిచూశాడు. వీరభద్రం ఒకసారి వచ్చి చూసి, బిడ్డ లెక్కలో తప్పేమీ కనబడలేదని చెప్పి వెళ్లిపోయాడు.

ఎనిమిదో రోజు పొద్దున అతను నోటుబుక్కు మూసేశాడు. అందులో లేనిది ఏముందని ఆలోచించాడు. డ్రైవు గర్రుమన్నప్పుడే మిషన్ పిచ్చిదవుతోంది. ఇరవై ఏళ్ల నుంచి చౌరస్తాలో చూస్తున్న జబ్బే ఇది. టేప్‌రికార్డర్ మోటారు తిరగగానే రేడియో గొంతు పడిపోవడం. మీటరు పెట్టి చూశాడు. మోటారు అందుకోగానే అయిదు వోల్టులు నాలుగు దాకా దిగుతున్నాయి. కరెంటు చాలక మిషన్ మతి తప్పుతోంది. శకుంతల ఇక్కడిదాకా రానేలేదు గనుక ఆమెకు ఇది తెలిసే అవకాశం లేదు. అతను దుకాణం నుంచి పాత ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి డ్రైవుకు వేరే కరెంటు పెట్టాడు.

స్విచ్చి వేశాడు. డ్రైవు తిరిగింది. తెర మీద ఎడమ పక్కన, పైన, ఒక 'ఏ' అక్షరం, దాని పక్కన బాణం మొన లాంటి గుర్తు వచ్చి నిలిచాయి. అంతకు మించి ఏమీ లేదు. ఇలాగే వస్తుందని శకుంతల పెన్సిలుతో బొమ్మ గీసి పెట్టింది.

కిషన్ రావు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. సంతోషం వస్తే రానీ అనుకున్నాడు. అదీ రాలేదు.

సుగుణ గడప దగ్గరికి వచ్చింది. "ఏమైంది?"

"నడిచింది. మన బిడ్డ మిషన్."

ఆమె తెర వైపు చూడలేదు. "మీ చెయ్యి కాలింది" అంది.

చూసుకుంటే చూపుడు వేలు మీద పెద్ద బొబ్బ ఉంది. ఎప్పుడు కాలిందో అతనికి తెలియలేదు.

పదో రోజు ఎస్సై ఒక్కడే వచ్చాడు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. కిషన్ రావు మిషన్ నడిపించాడు. ఫ్లాపీలో ఏమేం ఉన్నాయో చూపించే మాట కొట్టాడు. పేర్లు వరుసగా వచ్చాయి.

"ఏదన్న కొడితె జవాబిస్తదా?" అని అడిగాడు ఎస్సై.

"దానికి తెలిసిన మాటలు కొన్నే సార్."

"ఆ పిల్ల పేరు కొట్టుండ్రి."

కిషన్ రావు వేళ్లు మీటల మీద ఆగాయి. తరువాత ఒక్కొక్క అక్షరమే వెతికి ఇంగ్లీషులో శకుంతల అని కొట్టాడు. మిషన్ ఒక్క క్షణం డ్రైవు తిప్పి వెతికింది. కింద వరుసలో అదే పేరు మళ్లీ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

శకుంతల?

వెనక గడప దగ్గర సుగుణ గాజుల చప్పుడు వినిపించింది. ఆమె ఎప్పుడు వచ్చి నిలబడిందో, తెర వైపే చూస్తోంది.

"అట్ల అడుగుతాందేంది?" అన్నాడు ఎస్సై.

"తెలువని మాట ఏది కొట్టినా అంతే సార్. మళ్ల మనల్నే అడుగుతది."

ఎస్సై టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇంత తెలివి గల పిల్ల" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. కాగితం తీసి 'గృహోపయోగ కంప్యూటర్, పనిచేయుచున్నది' అని రాసి కిషన్ రావు చేత సంతకం పెట్టించుకున్నాడు. పోయే ముందు గుమ్మంలో ఆగి, "కబురేమన్న వస్తె చెప్పుండ్రి. నేను గూడ చెప్పుత" అన్నాడు. వానాకాలంలో అతనికి బదిలీ అయింది. కబురు అటూ రాలేదు, ఇటూ రాలేదు.

జీపు పోయాక సుగుణ ఆ గదిలోకి వచ్చి, మంచం మీది దుప్పటి దులిపి, మడతపెట్టి, కిటికీ తెరిచింది. తెర మీది పేరును ఎట్లా తుడపాలని అడిగింది. స్విచ్చి తీసేస్తే పోతుందని చెప్పాడు. ఆమె స్విచ్చి దగ్గర చెయ్యి పెట్టి, తియ్యకుండానే వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి అతనే తీశాడు.

మరుసటి ఏడు చలికాలంలో హసన్‌పర్తి నుంచి హోమియో డాక్టరు సారంగపాణి దుకాణానికి వచ్చాడు. అతని దగ్గరా అదే కంపెనీ మిషన్ ఉంది. అందులో సీపీ/ఎం ఎక్కించాలని కంపెనీకి రాస్తే కుదరదన్నారట. కాలేజీలో ఎవరో, పేరు చెప్పలేదు గాని, చౌరస్తాలో రేడియో రావుసాబ్ దగ్గరికి పొమ్మన్నారట.

"అయితదా?" అని అడిగాడు డాక్టరు.

"అయితది. ఇడిసిపెట్టి పోండ్రి. జర టైం పడ్తది."

డాక్టరు వెళ్లాక కిషన్ రావు మిషన్ను తిరగేసి నాలుగు స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల పలక కొత్తదిలా ఉంది. ఎర్ర తీగ ఒక్కటీ లేదు. చిప్పు నెత్తిన చిప్పు లేదు. పలక మీద కరెంటు పారే రాగి గీత ఏదీ తెగలేదు. అతను ఆ పలకను ఇలా ఎన్నడూ చూడలేదు. అతను చూసేనాటికే అందులో బిడ్డ పని అంతా అయిపోయి ఉంది. ఇప్పుడీ ఉత్త పలక మీద ఆమె ఎక్కడ మొదలుపెట్టి ఉంటుందో, ఏ గీతను మొదట కోసిందో అతనికి తెలియదు. పక్క గదిలో తను వార్తలు వింటుంటే ఆమె తన గదిలో ఒక్కతే కూర్చుని ఇదంతా చేసింది. తను ఒక్కనాడూ లోపలికి వెళ్లి ఏం చేస్తున్నావు బిడ్డా అని అడగలేదు.

చాలాసేపు ముడుచుకుని కూర్చున్న కాలు చాపగానే తిమ్మిరి వదిలి సూదులు గుచ్చినట్టవుతుంది. అలాంటిది ఛాతీలో ఎక్కడో మొదలైంది. స్క్రూ డ్రైవరు బల్ల మీద పెట్టాడు. రెండు చేతులూ పలకకు అటూ ఇటూ ఆనించి తల వంచుకుని కూర్చున్నాడు.

రోడ్డు మీద బస్సు వెళ్తోంది. ట్రాన్సిస్టర్ పట్టుకుని వచ్చిన ఒక ముసలామె గుమ్మంలో నిలబడి, "అయ్యా, అయ్యా" అని రెండుసార్లు పిలిచింది. అతను తల ఎత్తలేదు. ఉప్పలయ్య తన దుకాణంలోంచి లేచి వచ్చి ఒక్క చూపు చూశాడు.

"పెద్దమ్మా, జరసేపు ఈడ కూసో" అని ఆమెను తన దుకాణంలోకి పిలుచుకుపోయాడు.