తర్ఫా తల ఆనించిన చోటు

ఎడారిలో వేటకు పెంచే సలూకీ జాతిని మావాళ్ళు కుక్క అనరు. కుక్కలు గుడారం బయట పడి ఉంటాయి, ఇది లోపల మా పక్కనే పడుకుంటుంది. మా తర్ఫాకి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే దానికంత పొగరు. పిలిస్తే రాదు. పెడితే తింటుంది గాని అడగదు. నేను పోసిన పాలు తాగి పెరిగి, నన్ను మాత్రం పనిమనిషిని చూసినట్టు చూసేది. తల నిమరనిచ్చేది ఒక్క నా కొడుకు సఫూక్‌నే. వాడు కూర్చుంటే చాలు, మోకాలి మీద గడ్డం ఆనించి, గోకమని ఎడమ చెవి వంచేది.

తప్పిపోయిన ఒంటెల్ని వెతుకుతూ సఫూక్ వేసవి మొదట్లో వెళ్ళాడు. తర్ఫా కాలికి దెబ్బ తగిలి ఉండడంతో దాన్ని నా దగ్గర వదిలాడు. తిరిగి రాలేదు. చచ్చాడన్న కబురూ లేదు. ఏడవాలో ఎదురుచూడాలో తెలియక రెండూ చేస్తూ వచ్చాను.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఎవరో పరాయివాడు వచ్చి ఒంటె దిగాడు. నిప్పు దగ్గర కూర్చోబెట్టాను. మూడు రోజులు గడిచేదాకా అతిథిని పేరు, పని అడగడం మాలో సిగ్గుమాలిన పని. అంతలో తర్ఫా లేచింది. కొత్తవాళ్ళ ముఖమైనా చూడని పిల్ల, తోక ఊపుకుంటూ వెళ్ళింది. అతని దగ్గరికి కాదు, అతని పక్కన ఖాళీగా ఉన్న చాప దగ్గరికి. అక్కడ పడుకుని, మోకాలంత ఎత్తున గాలిలోనే గడ్డం ఆనించి, ఎడమ చెవి వంచింది.

ఆ చెవి ఎవరికోసం వంచుతుందో నాకు తెలుసు. నా చేతులు వాటి పని అవి చేశాయి. ఒక కప్పు కాఫీ అతనికిచ్చి, రెండోది ఆ ఖాళీ చోటు ముందు పెట్టాను.

అతను ఆ రెండో కప్పు వైపు చూపించాడు.

"అదెవరికమ్మా?"

"నీతో వచ్చినవాడికి. అడగకూడదని అడగలేదు నాయనా. మర్యాద చెయ్యొద్దని ఎవరూ అనలేదుగా."

అతను తాగుతున్న కప్పు కింద పెట్టేశాడు. ఇక నేను అడగకుండానే చెప్పాడు. ఎడారిలో ఇద్దరూ కలిశారట. ఒక్క తిత్తి నీళ్ళే మిగిలాయట. నా కొడుకు నిద్రపోతుంటే ఇతను ఆ తిత్తి తీసుకుని ఒంటె ఎక్కేశాడట. అప్పటినుంచి ఎక్కడ కూర్చున్నా పక్కన వాడు కూర్చున్నట్టే ఉంటుందట. వేగలేక మా గుడారం వెతుక్కుంటూ వచ్చాడట.

"నీకు పుణ్యముంటుంది, వాణ్ణి ఇక్కడే ఉంచేసుకో అమ్మా."

అతని గొంతు నులిమేయాలనిపించింది. కాని నా నిప్పు దగ్గర కూర్చుని నా కాఫీ తాగినవాడు, చెయ్యెత్తడానికి లేదు. పొద్దు వాలకముందే అతను లేచాడు. దారికి నీళ్ళు నేనే నింపిచ్చాను. రెండు తిత్తులు. రెండోది తీసుకుంటున్నప్పుడు తల ఎత్తలేకపోయాడు.

అప్పుడు ఆ ఖాళీ చాప వైపు తిరిగాను.

"ఉండిపో నాన్నా. ఇది నీ ఇల్లురా."

తర్ఫా లేచి నిలబడింది. ఒంటె కదలగానే దాని వెనకే బయలుదేరింది, పక్కన నడిచేవాళ్ళ ముఖంలోకి చూస్తున్నట్టు తల పైకెత్తుకుని. అప్పుడు తెలిసింది నాకు. నా కొడుకు ఇంటికి రాలేదు. అతన్ని వదలకుండా అతని వెంట వచ్చాడంతే.

ఇసుక దిబ్బ మీద తర్ఫా ఒక్కసారి వెనక్కి చూసింది. గొంతు పగిలేలా పిలిచాను. మొదట దాన్ని, తర్వాత వాణ్ణి.

ఇద్దరూ అంతే. నా మాట ఏనాడు విన్నారు గనక.