సామ్రాజ్యం నోరు

దర్శి చుట్టుపక్కల పల్లెల్లో మిరపకోతకు వెళ్ళే ముఠాలు చాలా ఉన్నా, సామ్రాజ్యం ముఠాకు పని తప్పిన రోజు లేదు. ఇరవై మంది ఆడవాళ్ళు, అందరిదీ జోరైన చెయ్యి. సామ్రాజ్యానికి చేతితో పాటు నోరూ జోరే. చెట్టుకి నాలుగు పండుకాయలు మిగిలినా, అన్నాల దగ్గర ఎవరైనా కాస్త ఎక్కువసేపు కూర్చున్నా ఆ నోరు లేచేది. ఆదివారం మందిరంలో అదే నోటితో అందరికంటే గట్టిగా పాటలు పాడేది.

ఆ జనవరిలో నజ్మీన్ అనే అమ్మాయి ముఠాలో చేరింది. భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. మూడోరోజు కాలు జారి, నిండు గోతాన్ని తడి కాలవలో ఒలకబోసింది.

"మొగుణ్ణి మింగింది చాలక రైతు పంట కూడా మింగడానికి వచ్చావా?" అంది సామ్రాజ్యం.

నజ్మీన్ కాయలన్నీ ఏరి, కొంగుతో తుడిచి గోతంలో వేసింది. మర్నాటి నుంచి పనికి రాలేదు.

ఆ ఆదివారం మందిరంలో ప్రభు బల్ల, యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. రొట్టె పళ్ళెం దగ్గరికొచ్చినా సామ్రాజ్యం చెయ్యి చాపలేకపోయింది. ఆరాధన అయ్యాక పాస్టరు యేసుపాదం గారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"ఈ నోటి గురించి ప్రతి ఆదివారం ఏడుస్తానే ఉన్నా అయ్యగారూ. జన్మలో ఎవర్నీ అననని దేవుడికి మాటిస్తా. మంగళవారానికి మళ్ళీ మామూలే."

"జన్మంతటికీ మాటివ్వడం ఎందుకమ్మా? పొద్దున్నే లేచి, ఇవాళ సాయంత్రం దాకా నా నోరు కాయమని అడుగు. రేపటిది రేపు అడుగుదువుగాని."

"అంతేనా?"

"అంతే. కానీ రోజూ అడగాలి. నోరు జారావనుకో, సిగ్గుపడి మర్నాడు మానెయ్యొద్దు. ఆ రోజు ఇంకాస్త ముందే లే."

సోమవారం నాలుగున్నరకే లేచి పొయ్యి పక్కన మోకరించింది. "తండ్రీ, సాయంత్రం దాకా చాలు," అంది. ఆ రోజు ఎనిమిది గంటల దాకా ఎవర్నీ తిట్టకుండా నిలబడింది. మంగళవారం పదకొండు దాకా.

ముఠాలో పెద్దదైన బసవమ్మకు అనుమానం వచ్చింది. "ఏమే, ఒంట్లో బాగాలేదా? చేలో గొంతు వినపడ్డంలేదు."

సామ్రాజ్యం దాచకుండా చెప్పింది. అందరూ పడీపడీ నవ్వారు. కానీ ఆ రోజు నుంచి ఆమె మొహం ఎర్రబడగానే ఎవరో ఒకరు దగ్గేవాళ్ళు. ఆ దగ్గు వినగానే తిట్టు సగంలో ఆగిపోయేది.

బుధవారం పొద్దుగూకే వేళ సామ్రాజ్యం నజ్మీన్ ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల గడపలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

"నేనన్న మాట తప్పమ్మా. క్షమించు," అంది సామ్రాజ్యం.

నజ్మీన్ చేట మీంచి తలెత్తలేదు. "సరే పిన్నీ. పనికి మాత్రం రాను."

గురువారం మళ్ళీ వెళ్ళింది.

"నిన్న చెప్పావుగా."

"అది నిన్నటిది. పొద్దున లేస్తే ఇవాళ కూడా చెప్పాలనిపించింది."

శుక్రవారం నజ్మీన్ వీధి చివర ఆమెను చూడగానే, "విన్నాలే పిన్నీ, వెళ్ళు," అని అక్కడినుంచే కేకేసింది. శనివారం మాత్రం సామ్రాజ్యం వచ్చేసరికి గుమ్మం పక్కన కుర్చీ వేసి ఉంది. టీ గ్లాసు చేతికిస్తూ నజ్మీన్ అడిగింది.

"ఎన్నాళ్ళు వస్తావేంటి ఇట్టా?"

"తెలీదే. నేను ఏ రోజుది ఆ రోజే అడుక్కుంటన్నా."

నజ్మీన్‌కు నవ్వొచ్చింది. ఆపుకోబోయి, వల్లకాక గట్టిగానే నవ్వేసింది. ఆ పిల్ల నవ్వు వినడం సామ్రాజ్యానికి అదే మొదలు. టీ గ్లాసు పట్టుకుని కళ్ళ నీళ్ళతో తనూ నవ్వింది.

సోమవారం తెల్లవారుజామున నజ్మీన్ ముఠాను చేలకు తీసుకెళ్ళే ట్రాక్టరు ఎక్కి బసవమ్మ పక్కన కూర్చుంది.

ఆ గురువారం మధ్యాహ్నం, కల్లంలో ఎకరాలకొద్దీ పంట ఎర్రగా ఆరబోసి ఉండగా, పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. అందరూ చేలోంచి పరిగెత్తారు. కాయలు కుప్ప చేసేవాళ్ళు చేస్తుంటే, సామ్రాజ్యం, నజ్మీన్ చెరో కొసా పట్టుకుని కుప్ప మీదికి టార్పాలిన్ పట్టా లాగారు. గాలికి పట్టా ఎగిరి సామ్రాజ్యం మొహానికి కొట్టుకుంది. ఆమె తలెత్తి, పదిరోజులుగా దాచుకున్న తిట్లన్నీ ఆ మబ్బుకి వరసగా వినిపించింది.

ఇరవై మందీ ఒక్కసారిగా దగ్గారు.

"మబ్బే కదే," అంది సామ్రాజ్యం.

"మబ్బుకి మాత్రం మనసుండదా పిన్నీ," అంది నజ్మీన్.

పట్టా కొసలు పట్టుకునే నవ్వారు. పట్టా ఎగరకుండా రాళ్ళు పెట్టేవాళ్ళకు నవ్వుతో చేతులు ఆడలేదు. నాలుగు చినుకులు రాలి, మబ్బు చీమకుర్తి వైపు తేలిపోయింది. ఒక్క కాయ తడవలేదు.

మర్నాడు సామ్రాజ్యం నాలుగింటికే లేచింది. పొయ్యి పక్కన మోకరించి, నిన్నటికి వందనాలు చెప్పి, ఇవాళ్టికి అడగబోతుంటే కల్లంలో అందరూ దగ్గిన దగ్గు జ్ఞాపకమొచ్చింది. ప్రార్థన మధ్యలో నవ్వొచ్చేసింది. దేవుడు ఏమీ అనుకోడులే అనుకుని, నవ్వు ఆపుకోకుండానే అడిగింది.