కాళ్ల మేస్త్రి

"కదలకు. కదిలావంటే వంకర కాలొస్తుంది. తర్వాత నన్నే తిట్టుకుంటావు."

గోరువెచ్చటి నీళ్లలో ముంచి తీసిన ప్లాస్టర్ పట్టీని కాళ్ల మేస్త్రి ఆ పిల్ల మోకాలి కింద చుట్టలు చుట్టలుగా తిప్పాడు. రెండు బొటనవేళ్లూ మోకాలిచిప్ప కింద నొక్కిపట్టి, అది గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టినట్టు కూర్చున్నాడు. ముప్పై రెండేళ్లుగా నొక్కీ నొక్కీ ఆ వేళ్లు గరిటెల్లా వెడల్పయ్యాయి. గోళ్ల సందుల్లోని తెలుపు ఎన్ని సబ్బులు మార్చినా పోదు.

"తాతా, చక్కిలిగిలి!"

"నవ్వుకో. కాలు మాత్రం కదపకు."

పిల్లకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే ఒక కాలు మోకాలి కింద జానెడే ఉంది. అయినా ఒక్కచోట నిలవదు కనుక అందరూ పిడుగంటారు. ప్రభుత్వాసుపత్రి వెనక, మందుల గోదాం పక్కనున్న ఈ వర్క్‌షాపుకి నాలుగేళ్ల వయసు నుంచి ఏటా వస్తోంది. ఇది ఆరో పెట్టుడు కాలు.

మేస్త్రికి ఇవాళ ఉద్యోగంలో ఆఖరి రోజు. దానికి తోడు పదకొండింటికి శాసనసభ కమిటీ ముందు మాట్లాడాలి. ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి తయారుచేసిన జాబితాలో ఈ వర్క్‌షాపు కూడా ఉంది. మేస్త్రి దిగిపోగానే పోస్టు రద్దు, ఆ వెనకే తలుపుకు తాళం. అవసరమైనవాళ్లకు బయటి కంపెనీ కాలు ఒకటి కొనిచ్చి చేతులు దులుపుకోవాలని వాళ్ల ఆలోచన.

"కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికే మీకు నోరు పెగలదు. అంతమంది ముందు ఏం మాట్లాడతారండీ?" అని పొద్దున భార్య నవ్వింది. నవ్వుతూనే ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది.

ఆ మాటా నిజమే. అందుకే తోలు పట్టీలు కుట్టే అమ్మాయి ఆయన కోసం రెండు పేజీలు రాసిపెట్టింది. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద ఆయన పక్కనే కూర్చుని పని నేర్చుకున్న మనిషి. కాగితాలు ఆయన జేబులో పెట్టి, "చూసి చదివేయండి మేస్త్రిగారూ, చాలు," అంది.

మేస్త్రి తల ఊపాడు. బయల్దేరేముందు ఎందుకో ఆగి, పాత సామాను అలమరలోంచి ఏవో తీసి సంచిలో వేసుకున్నాడు.

కమిటీ హాలు చల్లగా ఉంది. తొమ్మిది మంది సభ్యులు, ఒక్కొక్కరి ముందు నీళ్ల గ్లాసు. మాట్లాడేవాళ్లకు మూడేసి నిమిషాలు. మేస్త్రి మైకు ముందు కూర్చుని కాగితం విప్పాడు. అక్షరాలు చీమల్లా పాకాయి. అర నిమిషం అలాగే గడిచిపోయింది.

ఒక సభ్యుడికి జాలేసింది కాబోలు, తనే అందుకున్నాడు. "చూడండి, మంచి కంపెనీ కాలే కొనిస్తామంటున్నాం కదా. ఒకసారి కొనిచ్చేస్తే సరిపోదా?"

మేస్త్రి కాగితం మడిచేశాడు. సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్లమీద వరసగా నిలబెట్టాడు. ఐదు కాళ్లు. మొదటిది జానెడు ఎత్తు, చివరిది మూరెడుకు కాస్త తక్కువ.

"ఇవన్నీ ఒక్క పిల్లవేనండీ. ఏటా ఒకటి. వీటిలో ఏ కాలు కొనిస్తారు?"

సభ్యుడి చూపు చిన్నదాని మీంచి పెద్దదాని దాకా వెళ్లి, మళ్లీ చిన్నదాని దగ్గరికే వచ్చింది.

"పిల్ల ఎదుగుతుంది. కొన్న కాలు ఎదగదు. పుండు పడితే తొడుగు లోపల చెక్కాలి, పొట్టిదైతే పొడుగు చెయ్యాలి. దానికో మనిషి, ఓ గది ఉండాలండీ. నేను ఇవాళ్టితో దిగిపోతున్నా. నా కోసం అడగట్లేదు. నా దగ్గర పని నేర్చిన అమ్మాయి ఉంది, చెయ్యి నాకంటే నయం. ఆ గది మూసెయ్యకండి. అంతే."

ఇంకా నిమిషం మిగిలే ఉంది. ఆయన లేచిపోయాడు. అధ్యక్షురాలు అన్నింటికన్నా చిన్న కాలు చేతిలోకి తీసుకుని, "ఓటింగయ్యేదాకా ఇది నా దగ్గరుంచుకోవచ్చా?" అని అడిగింది.

"ఉంచుకోండమ్మా. ఇప్పుడది ఎవరికీ పట్టదు," అన్నాడు మేస్త్రి.

ఆయన తిరిగొచ్చేసరికి పొద్దుటి అచ్చు ఆరి ఉంది. దాంట్లో ప్లాస్టర్ పోసి, పిల్ల కాలి నమూనా తీసి చెక్కాలి. మేస్త్రి ఆకురాయి అందుకోబోయి, పట్టీల అమ్మాయి చేతికిచ్చాడు. సాయంత్రందాకా పక్కన కూర్చుని ఊరికే చూశాడు. ఒక్కచోట మాత్రం వేలుపెట్టి చూపించబోయాడు. ఆమె అప్పటికే అక్కడ గీస్తోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాలుగున్నరకి ఫోనొచ్చింది. ఆరుగురు సరేనని, ముగ్గురు కాదని ఓటేయడంతో కమిటీ వర్క్‌షాపును జాబితాలోంచి తీసేయమంది. వారంలో సభ ముందుకు వెళ్తుంది. "ఇంకా సభ ఒప్పుకోవాలిగా," అంది అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

"ఒప్పుకోకపోతే మళ్లీ వెళ్లు. ఈసారి నువ్వు మాట్లాడు. కాగితం మాత్రం పట్టుకెళ్లకు," అన్నాడాయన. తాళంచెవులు బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని, రోజూలాగే గేటు దాటి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం సభ కూడా ఒప్పుకుంది. ఆ పోస్టు తనకే వస్తుందో లేదో పట్టీల అమ్మాయికి ఇంకా తెలియదు. గది మాత్రం తెరిచే ఉంది. పిడుగు ఆరో కాలు తొడుక్కుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెడుతుంటే, వెనకాల తల్లి కేకలేస్తోంది.

లోపల తలుపు వెనక మేకుకు మేస్త్రి వదిలేసిన ఏప్రన్ వేలాడుతోంది. మడతపెడదామని అమ్మాయి రెండుసార్లు చూసింది గానీ, ఏళ్ల తరబడి ప్లాస్టర్ చుక్కలు పేరుకుని అట్టలా బిగిసిన ఆ బట్ట ఎటూ లొంగక, పొట్ట దగ్గర కాస్త ఉబ్బెత్తుగా, ఎవరి కాలో కొలవడానికి ముందుకు వంగినట్టే ఉండిపోయింది.