బొగ్గు రాతల క్వార్టర్

చిన్నారావును ఠాణాలో కొట్టి చంపిన పోలీసులే, ఏడాది తిరక్కుండా అతని గోడల మీదికి వచ్చారు.

బిలాస్‌పూర్ లోకోషెడ్డులో ఫైర్‌మన్ చిన్నారావు. కాగితం కొనే తాహతు లేక, తన క్వార్టర్ గోడల నిండా బొగ్గుతో కూలివాళ్ల కథలు రాశాడు. ఆ రాతలే అతని ప్రాణం మీదికి తెచ్చాయి. అతను పోయాక షెడ్డువాళ్లు ఆ గదిని అలాగే కాపాడుకున్నారు. అతని పార, లాంతరు, చిరిగిన కోటు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆదివారాలు పక్క స్టేషను గతౌరా నుంచి పట్టాల పనిచేసే గ్యాంగువాళ్లు సైతం వచ్చి, ఆ కథలు చదివించుకుని వినేవాళ్లు.

అతని తల్లి అప్పలనర్సమ్మకు అక్షరం ముక్క రాదు. చావు జరిగిన ఇల్లు, పైగా నలుగురూ వచ్చే ఇల్లు, సున్నం వేయకపోతే ఎలా అని దినాలు కాగానే పెద్ద గోడకు తెల్లగా వేసేసింది. కొడుకు ఆఖరి కథ ఆ సున్నం కింద పోయింది. ఆ కడుపుకోత ఆమెకింకా చల్లారలేదు. ఇక మిగిలినవి మూడు గోడలు.

ఆ రాతలు సున్నంతో చెరిపేసి క్వార్టర్ ఖాళీ చేయాలని ఫోర్‌మన్ దొర హుకుం జారీ చేశాడు. షెడ్డు ముందు మీటింగు పెట్టారు.

"బతికుంటే బలుసాకు తినొచ్చు. గోడల కోసం డ్యూటీలు పోగొట్టుకుంటామేటి?" అన్నాడు మెయిలు బండి డ్రైవర్ గోవిందరావు.

"అవి ఉట్టి గోడలేటి? మన బతుకులురా!" చిన్నారావు జతగాడు రమణమూర్తి అరిచాడు. గోవిందరావు తల దించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పోలీసులు దిగారు. వెంట సున్నం బకెట్లతో కూలి అచ్చియమ్మ. అప్పలనర్సమ్మ గోడకు వీపు ఆనించి నిలబడింది.

"తెలీక ఒకపాలి నా సేత్తో నానే సెరిపేసినాను. తెలిసి ఇంకోపాలి సెరపనిస్తానేటే?"

అచ్చియమ్మ కుంచె పారేసింది. "నా వల్ల కాదు బాబూ. నా పెనిమిటి సావు ఈ గోడమీదే ఉన్నాది."

పోలీసు లాఠీ అచ్చియమ్మ మోచేతిని విరిచేసింది. ఆ కేక విని షెడ్డంతా పరుగెత్తుకొచ్చింది. రాళ్లు లేచాయి. పోలీసుల తలలు పగిలాయి, కూలివాళ్ల తలలు పగిలాయి. ఇన్‌స్పెక్టర్ పిస్తోలు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ రమణమూర్తి గుండెల్లో కాల్చాడు. రమణమూర్తి అక్కడే ప్రాణం విడిచాడు. అయినా జనం వెనక్కి తగ్గలేదు. గోడలు ముట్టుకోలేక పోలీసులు అప్పలనర్సమ్మను జుట్టుపట్టి స్టేషనుకు ఈడ్చుకెళ్లారు, రాయపూరు జైలుకు పంపడానికి.

ప్లాట్‌ఫారం మీద మెయిలు నిలబడి ఉంది. ఇంజన్లో పొగ లేదు. రమణమూర్తిని కాల్చేశారని విని గోవిందరావు నిప్పు దింపేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బండి తియ్!" ఇన్‌స్పెక్టర్ పిస్తోలు అతని ఛాతీకి ఆనించాడు.

గోవిందరావు కట్టుకున్న చేతులు విప్పలేదు. "కాల్సెయ్ సాబ్. నన్ను సంపితే బండి నువ్వే తోలుకోవాల. షెడ్డులో ఏ ఇంజన్లోనూ నిప్పు నేదు."

తర్వాత ముసలమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నీ ఇంటి గుమ్మంలో ఆడోళ్లు కూకున్నారు. ఒక్క అచ్చరం పోనివ్వరు."

అప్పలనర్సమ్మ నోట్లో నెత్తురు ఉమ్మేసి, బేడీల చేతులతో ఇన్‌స్పెక్టర్ని ముందుకు తోసింది.

"పద బాబూ, నడిసే ఎల్దాం. దారి పొడుగునా అడిగినోళ్లందరికీ నా కొడుకు కతలు సెప్పుకుంటా వస్తాను."